పాత కారు వెనుక డిఫరెన్షియల్‌లో ఆయిల్ మార్చడం ఎలా

ఇంజన్ ఆయిల్ మార్చవలసిన గడువును పాత కార్లు ఉన్నవారు సాధారణంగా మరచిపోరు. వెనుక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే, ఇంజన్ శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ సంగతి అలా కాదు. దానికి డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగదు, అందులోని ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లాగా మండి పొగలో పోదు. అందుకే కారు నలుగురి చేతులు మారినా ఆ ఆయిల్‌ను ఎవరూ మార్చకపోవడం అరుదేమీ కాదు. నిజానికి ఇది ఒక మధ్యాహ్నంలో పూర్తయ్యే పని, దీనికి పెద్ద వర్క్‌షాపు అక్కరలేదు. రెండు చోట్ల మాత్రం తొందర పనికిరాదు: ఒకటి కారును ఎత్తి నిలబెట్టేటప్పుడు, రెండోది ప్లగ్గులను విప్పే వరుసలో. ఈ రెండింటి గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను.

ఆ ఆయిల్ చేసే పని

ఇంజన్ శక్తిని వెనుకకు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండే చిన్న పినియన్ గేరు పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. ఆ తిరుగుడు అక్కడ తొంభై డిగ్రీలు మళ్లి రెండు చక్రాలకూ చేరుతుంది. 1926లో ప్యాకార్డ్ కార్లలో వచ్చి తరువాత దాదాపు అన్ని వెనుక చక్రాల డ్రైవ్ కార్లకూ పాకిన హైపాయిడ్ గేర్లలో, పినియన్ నడిమి రేఖ క్రౌన్ వీల్ కేంద్రానికి కిందుగా ఉంటుంది. దీనివల్ల షాఫ్టు కిందికి దిగింది, కారు ఎత్తు తగ్గింది, గేర్ల చప్పుడు కూడా తగ్గింది. అయితే ఈ అమరికలో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది కాబట్టి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను గేర్ ఆయిల్‌లో చేరుస్తారు. అవి వేడి పుట్టిన చోట ఉక్కుతో కలిసి పళ్ల మీద పలుచని రక్షణ పొరను కడతాయి. కొత్త డబ్బా మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటైన కంపు ఆ గంధకానిదే.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ రసాయనాలు ఖర్చవుతాయి, గాలిలోని తేమ లోపలికి చేరుతుంది, అరిగిన లోహపు రజను ఆయిల్‌లో కలిసి తిరుగుతూ బేరింగులను కూడా అరగదీస్తుంది. ఇంజన్‌కు ఉన్నట్టు దీనికి ఫిల్టర్ లేదు. రజను బయటికి పోవాలంటే ఆయిల్‌ను దించడం ఒక్కటే మార్గం.

ఏ ఆయిల్ కొనాలి

మొదట మీ కారు మాన్యువల్ చూడండి. అందులో రెండు విషయాలు ఉంటాయి: ఒకటి చిక్కదనం, రెండోది రక్షణ స్థాయి. హైపాయిడ్ గేర్లున్న పాత కార్లలో ఎక్కువ వాటికి 80డబ్ల్యూ-90 లేదా 75డబ్ల్యూ-90 చిక్కదనంలో జీఎల్-5 స్థాయి ఆయిల్ సరిపోతుంది. గేర్ ఆయిల్ అంకెలకూ ఇంజన్ ఆయిల్ అంకెలకూ కొలమానం వేరు. 90 అని రాసి ఉన్న గేర్ ఆయిల్ వేడి మీద సుమారుగా 40 లేదా 50 అని రాసి ఉన్న ఇంజన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. కాబట్టి 90 అన్న అంకె చూసి అది మరీ చిక్కన అనుకుని తక్కువ అంకె ఆయిల్‌కు వెళ్లవద్దు.

రెండు హెచ్చరికలు. జీఎల్-5 ఆయిల్ మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయకండి. పాత గేర్‌బాక్సుల్లో, గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాలను కలిపే ఇత్తడి, కంచు సింక్రోనైజర్ రింగులు ఉంటాయి, వాటిలో చాలావాటికి జీఎల్-4 స్థాయినే నిర్దేశించారు. అలాగే, ప్యూజో 404 వంటి కొన్ని పాత కార్ల వెనుక ఇరుసులో హైపాయిడ్ గేర్లకు బదులు వర్మ్ డ్రైవ్, అంటే మరలాంటి గేరు కంచు చక్రాన్ని తిప్పే అమరిక, ఉంటుంది. అలాంటి వాటికి తయారీదారు చెప్పిన ఆయిల్ తప్ప వేరేది వాడరాదు.

మీ కారులో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఒంటరిగా జారి తిరగకుండా అడ్డుకునే రకం) ఉంటే అందులోని క్లచ్ పలకల కోసం, వాటి ఒరిపిడిని సరిచేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా కావాలి. అది కొన్ని ఆయిళ్లలో ముందే కలిసి వస్తుంది, కొన్నింటికి చిన్న సీసాలో విడిగా కొనాలి. మీది ఏ రకమో తెలియకపోతే, ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, వెనుక రెండు చక్రాలనూ పైకెత్తి స్టాండ్ల మీద ఉంచి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. అవతలి చక్రం ఎదురు దిశలో తిరిగితే సాధారణ రకం, అదే దిశలో తిరిగితే లిమిటెడ్ స్లిప్. పలకలు బాగా అరిగిపోయిన లిమిటెడ్ స్లిప్ కూడా సాధారణ రకంలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి, ఇరుసు మీద తగిలించిన రేకు బిళ్లనూ మాన్యువల్‌నూ కూడా చూసుకోవడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు

కారు కిందికి వంగి డిఫరెన్షియల్‌ను ఒకసారి పరిశీలించండి. నింపే ప్లగ్గు కాస్త ఎత్తున, పక్కనో వెనుక మూత మీదో ఉంటుంది. దించే ప్లగ్గు ఉంటే అన్నిటికంటే కింద ఉంటుంది. కొన్ని ఇరుసులకు దించే ప్లగ్గే ఉండదు, వాటికి వెనుక మూతను విప్పి ఆయిల్ దించాలి. ప్లగ్గు తల ఏ ఆకారంలో ఉందో ఇప్పుడే చూసి సరిగ్గా సరిపోయే పనిముట్టు తెచ్చుకోవాలి. బయట ఆరు పలకలున్న ప్లగ్గుకు సాకెట్టు, లోపల ఆరు పలకల గుంట ఉంటే ఆలెన్ బిట్టు, లోపల చదరపు గుంట ఉంటే అదే కొలత చదరపు బిట్టు కావాలి. కొంచెం వదులుగా ఉండే పనిముట్టుతో బలం ప్రయోగిస్తే ఆ అంచులు గుండ్రమైపోతాయి, తరువాత ఏదీ పట్టదు.

వీటితో పాటు పొడవాటి పిడి ఉన్న రెంచి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి, తుప్పు వదిలించే స్ప్రే, ఇనుప తీగల బ్రష్షు, కనీసం నాలుగు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, ఆయిల్ ఎక్కించడానికి చేతి పంపు, ప్లగ్గులకు కొత్త వాషర్లు, పోగులు రాలని గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు సిద్ధం చేసుకోండి. మూత విప్పే రకమైతే అతుకు కారకుండా కొత్త గ్యాస్కెట్టు లేదా ఆర్‌టీవీ సిలికాన్ ట్యూబు కూడా కావాలి. ఎంత ఆయిల్ పడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కార్లకు ఒకటి నుంచి రెండు లీటర్ల మధ్య సరిపోతుంది, ఒక అర లీటరు అదనంగా ఉంచుకోవడం మేలు.

ప్లగ్గులు తుప్పు పట్టినట్టు కనిపిస్తే ముందు రోజు రాత్రే బ్రష్షుతో రుద్ది స్ప్రే కొట్టి వదిలేయండి. ఒక్క రాత్రి నానితే మరునాడు సగం శ్రమ తప్పుతుంది.

కారును వేడి చేసి, సమంగా నిలబెట్టడం

చల్లగా ఉన్న గేర్ ఆయిల్ తేనెలా సాగుతుంది, అడుగున ఉన్న మడ్డిని వదిలేసి తాను మాత్రమే వస్తుంది. అందుకని ముందుగా కారును పదిహేను ఇరవై నిమిషాలు నడపండి. చెయ్యి కాలేంత వేడి అవసరం లేదు, హౌసింగ్ (డిఫరెన్షియల్ బయటి డొల్ల) గోరువెచ్చగా ఉంటే చాలు. పక్కనే ఉండే సైలెన్సర్ గొట్టం మాత్రం చాలా వేడిగా ఉంటుంది, దాన్ని గుర్తు పెట్టుకోండి.

ఇక ఎత్తడం. జాకీ ఎత్తడానికే గాని నిలిపి ఉంచడానికి కాదు. జాకీ మీద మాత్రమే ఆనిన కారు కిందికి ఏ కారణానికీ దూరకూడదు. గట్టి, సమతలమైన నేల మీద, బరువుకు తగిన స్టాండ్ల మీద కారును దించి, స్టాండ్లు కుదురుగా కూర్చున్నాయో లేదో కారును అటూ ఇటూ గట్టిగా కదిపి చూసిన తరువాతే కిందికి వెళ్లాలి. హ్యాండ్ బ్రేక్ చాలా పాత కార్లలో వెనుక చక్రాలనే పడుతుంది. ఆ చక్రాలు గాలిలో ఉన్నప్పుడు దాని వల్ల ప్రయోజనం లేదు కాబట్టి, ఎత్తే ముందే ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎప్పుడూ స్టాండ్లకు బదులు కావు. అవి పగిలేటప్పుడు ముందుగా హెచ్చరించవు.

కారు ముందు వెనుకలు ఒకే ఎత్తున ఉండటం కూడా ముఖ్యమే. డిఫరెన్షియల్‌లో ఆయిల్ మట్టానికి కొలత నింపే రంధ్రపు కింది అంచు. వెనుక భాగాన్ని మాత్రమే ఎత్తితే ఆయిల్ ముందుకు, పినియన్ వైపుకు చేరుతుంది. అప్పుడు రంధ్రం వెనుక మూత మీద ఉంటే అవసరానికి మించి పడుతుంది, ముందు వైపు ఉంటే నిండకుండానే నిండినట్టు కనిపిస్తుంది. కాబట్టి నాలుగు మూలలా స్టాండ్లు పెట్టండి, లేదా కారు కింద నిలబడి పని చేసే గుంత ఉన్న చోట చక్రాలను నేల మీదే ఉంచి పని చేయండి.

నింపే ప్లగ్గును ముందు విప్పండి

దించే ప్లగ్గును ముట్టుకోకముందే నింపే ప్లగ్గును విప్పాలి. ఈ పని మొత్తంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. పాత ఆయిల్ దించేసిన తరువాత పై ప్లగ్గు ఊడి రాకపోతే కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు, చుక్క ఆయిల్ లేని కారును మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ తీసుకుపోలేరు.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఆ వరుస పాటించలేదు. ఆయిల్ అంతా తొట్టిలోకి దిగిన తరువాత పై ప్లగ్గుకు ఆలెన్ బిట్టు పెట్టి లాగితే, బిట్టు గుంటలోంచి జారి లోపలి ఆరు పలకలనూ నున్నగా గొరిగేసింది. గుంట అడుగున గట్టిపడిన మట్టి ఉండటంతో బిట్టు సగం లోతుకే దిగిందని తరువాత గాని నాకు తెలియలేదు. కారు రెండు రోజులు స్టాండ్ల మీదే ఉండిపోయింది. చివరికి వెల్డింగ్ తెలిసిన మనిషి ఆ ప్లగ్గు మీద ఒక నట్టును అతికి, ఆ వేడి చల్లారకముందే రెంచితో తిప్పితే ఊడి వచ్చింది. మట్టి గీకడానికి పట్టే రెండు నిమిషాలు నేను వెచ్చించలేదు, అంతే.

కాబట్టి గుంటలోని మట్టిని సన్నని మేకుతో గీకి, బ్రష్షుతో దులిపి, బిట్టును చిన్న సుత్తితో తట్టి అడుగంటా దించండి. ఆ తట్టడం వల్ల తుప్పు పట్టు కూడా కొంత సడలుతుంది. పొడవాటి రెంచిని తగిలించి ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు ఒత్తి, తరువాత విప్పే వైపు నిలకడగా లాగండి. కుదుపులతో లాగవద్దు. పట్టు వదిలినప్పుడు ‘టక్కు’మని గట్టి శబ్దం వస్తుంది. విరిగిందేమోనని భయపడతారు గాని, సాధారణంగా అది తుప్పు వీడిన చప్పుడే. ఇంతకీ రాకపోతే హౌసింగ్‌ను ప్లగ్గు చుట్టూ వేడి గాలి గన్నుతో వేడి చేసి మళ్లీ ప్రయత్నించండి. నూనె జిడ్డు, పెట్రోలు ట్యాంకు దగ్గరగా ఉండే చోట మంట వాడకండి. అప్పటికీ రాకపోతే పని అక్కడితో ఆపి, కారును దించి, మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లండి. లోపల పాత ఆయిల్ ఉంది కాబట్టి కారు నిశ్చింతగా నడుస్తుంది. ముందు పై ప్లగ్గు విప్పమనడం అందుకే.

పాత ఆయిల్‌ను దించి, దాన్ని చదవడం

పై ప్లగ్గు తీసిన తరువాత తొట్టిని కింద సర్ది, దించే ప్లగ్గును వదులు చేయండి. చివరి చుట్లు చేత్తో తిప్పుతూ ప్లగ్గును లోపలికి ఒత్తి పట్టుకుని, మరలు పూర్తయ్యాక చటుక్కున పక్కకు లాగితే చెయ్యి పెద్దగా తడవదు. ధార మొదట దూరంగా చిమ్మి తరువాత దగ్గరకు వస్తుంది, తొట్టిని దానికి తగినట్టు జరుపుకోవాలి. ధార ఆగిన తరువాత చుక్కలు పడటం ఆగే దాకా ఇరవై నిమిషాలైనా వదిలేయండి.

ఈ ఇరవై నిమిషాల్లో ప్లగ్గును చూడండి. చాలా ప్లగ్గుల కొనకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుకలాంటి నల్లని మెత్తని ముద్ద పేరుకుని ఉంటుంది. దాన్ని తొడుగు వేసుకున్న బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. వెన్నలా నున్నగా జారితే అది ఏళ్ల తరబడి గేర్లు సహజంగా అరిగిన రజను, కంగారు పడనక్కరలేదు. ఇసుకలా గరగరలాడితే వచ్చేసారి తొందరగా మార్చి మళ్లీ పోల్చి చూడాలి. వెలుతురులో తళుక్కుమనే సూదుల్లాంటి ముక్కలు, పొరలుగా లేచిన రేకులు కనిపిస్తే బేరింగు గాని పంటి ముఖం గాని పెచ్చులూడుతున్నట్టు. గోరంత ముక్క, అందులోనూ ఒక వైపు నునుపుగా మెరిసే ముక్క దొరికితే అది పంటి తునకే కావచ్చు. అప్పుడు కొత్త ఆయిల్ పోసి మూసేయడం కాదు, డిఫరెన్షియల్‌ను విప్పి చూపించాలి.

ఆయిల్ రంగు కూడా చెబుతుంది. నల్లగా ఉండటం వయసు లక్షణం. లిమిటెడ్ స్లిప్ రకంలో పలకల అరుగుదల వల్ల ఇంకా నల్లగా ఉంటుంది. పాల రంగులోకి మారి నురగలా ఉంటే లోపలికి నీరు చేరింది. లోతు నీళ్లలో కారును నడిపారా, లేక ఇరుసుకు గాలి ఆడే గొట్టం చెడిందా అన్నది తేల్చుకోవాలి. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ ఒకసారి మార్చడం మంచిది. మాడిన వాసన వస్తే ఆయిల్ తక్కువై బాగా వేడెక్కి ఉండవచ్చు. అప్పుడు ఆయిల్ కారకుండా ఆపే సీళ్లను జాగ్రత్తగా పరిశీలించండి.

లోపలంతా కిరోసిన్ పోసి కడగాలన్న సలహా కొందరు ఇస్తారు. నేను దాన్ని సమర్థించను. కిరోసిన్ బేరింగుల సందుల్లో నిలిచిపోయి కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది, మడ్డిని కదిపి అనవసరమైన చోటికి చేరుస్తుంది.

దించే ప్లగ్గు లేకపోతే

మూత చుట్టూ మట్టిని బాగా తుడిచిన తరువాత బోల్టులన్నీ వదులు చేసి, పై రెండింటిని మాత్రం కొన్ని మరల మీద ఉంచి మిగిలినవి తీసేయండి. పలుచని గీకుడు పలకను మూత కింది అంచున దూర్చి మెల్లగా విడదీస్తే ఆయిల్ ఒక్కసారిగా దిగుతుంది, పై బోల్టులు మూతను పడిపోకుండా పట్టి ఉంచుతాయి. ఈ పద్ధతిలో శ్రమ ఎక్కువే అయినా గేర్లను కళ్లారా చూసే అవకాశం దొరుకుతుంది. అడుగున చేరిన మడ్డిని గుడ్డతో తుడిచి తీయవచ్చు. రెండు అతుకు ముఖాల మీదా పాత గ్యాస్కెట్టు అవశేషాలను గీకేసి, జిడ్డు లేకుండా తుడవండి. గీకిన పొట్టు లోపల పడకుండా గేర్ల మీద గుడ్డ కప్పండి. మూతను సమతలమైన చోట బోర్లా పెట్టి చూస్తే, పూర్వం ఎవరైనా అతిగా బిగించి బోల్టు రంధ్రాల దగ్గర వంచి ఉంటే తెలుస్తుంది. ఆ వంపును సుత్తితో సరిచేయకపోతే ఎంత సిలికాన్ పూసినా కారుతుంది.

సిలికాన్‌ను తెగకుండా ఒకే దారగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి పూసి, మూత పెట్టి వేళ్లతో బిగించి, ట్యూబు మీద రాసినంత సేపు ఆగి, తరువాత ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించండి. ఆయిల్ పోసేది అది పూర్తిగా గట్టిపడిన తరువాతే.

గాలి గొట్టం

ఇరుసు మీద చిన్న టోపీలాగో సన్నని గొట్టంలాగో గాలి ఆడే మార్గం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, లోపలి గాలి వేడికి వ్యాకోచించి ఆయిల్‌ను సీళ్ల గుండా బయటికి నెడుతుంది. ఆ ఆయిల్ ఇరుసు చివరల నుంచి బ్రేకు షూల మీదికి చేరితే కారు సరిగా ఆగదు. టోపీ చేత్తో కదులుతోందో లేదో, గొట్టంలోకి ఊదితే గాలి పోతోందో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు.

కొత్త ఆయిల్ పోయడం

దించే ప్లగ్గు అయస్కాంతాన్ని శుభ్రంగా తుడిచి, కొత్త రాగి లేదా అల్యూమినియం వాషరు వేసి చేత్తో కొన్ని చుట్లు తిప్పిన తరువాత టార్క్ రెంచితో బిగించండి. మొదటి చుట్టు నుంచే రెంచి వాడితే మరలు అడ్డంగా పడే ప్రమాదం ఉంది. కొన్ని ప్లగ్గులు కొన వైపుకు సన్నబడుతూ ఉంటాయి. వాటికి వాషరు ఉండదు, మరలకు కొంచెం సీలెంటు రాస్తే చాలు. ఆ రకాన్ని అతిగా బిగిస్తే హౌసింగే చిట్లవచ్చు.

ఇప్పుడు పంపు గొట్టాన్ని పై రంధ్రంలో దూర్చి మెల్లగా ఎక్కించండి. పంపు లేకపోతే, పొడవాటి ప్లాస్టిక్ గొట్టానికి గరాటు తగిలించి ఎత్తు నుంచి పోయవచ్చు, అది ఓపికతో కూడిన పని. చలికి ఆయిల్ కదలకపోతే మూత బిగించిన డబ్బాను కాసేపు వేడి నీళ్లలో ఉంచండి. ఫ్రిక్షన్ మాడిఫయర్ విడిగా పోయవలసి ఉంటే దాన్ని ముందే పోయండి, లేకపోతే నిండిన తరువాత దానికి చోటు ఉండదు.

ఆయిల్ రంధ్రపు కింది అంచు నుంచి పొంగి సన్నని దారగా కారడం మొదలైతే ఆపండి. వెంటనే మూయవద్దు. చిక్కని ఆయిల్ గేర్ల సందుల్లోకి, ఇరుసు గొట్టాల్లోకి సర్దుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా వెనుక చక్రాలు గాలిలో ఉంటే చేత్తో కొన్ని చుట్లు తిప్పి, మళ్లీ కొంచెం పోయండి. కారడం చుక్కలకు తగ్గిన తరువాత ప్లగ్గు పెట్టి బిగించండి. ఇంకొంచెం ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకోకూడదు. మట్టం మించితే ఆయిల్ గేర్ల కింద చిలికి నురగ కడుతుంది, సీళ్ల నుంచి బయటికి వస్తుంది. చివరగా, పోసిన పరిమాణాన్ని మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. చాలా తక్కువే పట్టిందంటే కారు సమంగా లేదన్న మాట, లేదా పాత ఆయిల్ పూర్తిగా దిగలేదు.

నడిపి చూడటం

హౌసింగ్‌ను బయట శుభ్రంగా తుడిచి, కారును దించి, పది పదిహేను కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. లిమిటెడ్ స్లిప్ రకమైతే ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా ఎనిమిది పది సార్లు తిప్పండి, మాడిఫయర్ పలకల మధ్యకు చేరుతుంది. మలుపుల్లో వణుకు, కటకట శబ్దం అప్పటికీ ఉంటే మాడిఫయర్ సరిపోలేదేమో చూడాలి. వేగం పెరిగేకొద్దీ పెరిగే కూత ముందు నుంచే ఉంటే, కొత్త ఆయిల్‌తో అది పోతుందని ఆశించకండి. అది అరిగిన పళ్లదో బేరింగుదో.

తిరిగి వచ్చాక ప్లగ్గుల చుట్టూ తెల్ల కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడండి. మరునాడు, కారు చల్లారి సమంగా నిలిచి ఉన్నప్పుడు, పై ప్లగ్గును మళ్లీ తీసి చిటికెన వేలిని రంధ్రంలో పెట్టి కిందికి వంచండి. వేలి కొనకు ఆయిల్ అంచు దగ్గరే తగలాలి. తగ్గి ఉంటే నింపి మూయండి. కిలోమీటర్ల అంకెనూ తేదీనీ, అయస్కాంతం మీద ఏం కనిపించిందో కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పాత ఆయిల్‌ను మూత గట్టిగా పట్టే డబ్బాలోకి వంపి, వాడిన ఆయిల్ సేకరించే చోట ఇచ్చేయండి. దాన్ని నేల మీద గాని కాలువలో గాని పోయకూడదు.